ట్రామా కౌన్సిలర్లు, సెకండరీ ట్రామా: తరచుగా అడిగే ప్రశ్నలు

సఖి సెంటర్లు, భరోసా కేంద్రాలు, 181, 1098 హెల్ప్‌లైన్లు, ఆసుపత్రులు, ఎన్జీవోలు: ఎక్కడైనా సరే, హింసకు గురైనవాళ్ల మాట వినడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ల కోసం ఈ పేజీ. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో సపోర్ట్ పర్సన్లుగా, అంటే కేసు నడిచినంతకాలం పిల్లకు తోడుగా, పనిచేసేవాళ్లకూ పనికొస్తుంది. సెంటర్ అడ్మినిస్ట్రేటర్లు, సూపర్‌వైజర్లు మాత్రం కేసుల పంపకం గురించిన ప్రశ్న ముందు చదవండి. మిగతాదంతా ఆ ఒక్క పని సరిగ్గా జరిగితేనే పనిచేస్తుంది.

సెకండరీ ట్రామా అంటే ఏమిటి? విన్నంత మాత్రానే వస్తుందా?

దాడి జరిగింది ఒకరి మీద. దాన్ని వివరంగా, పదేపదే విన్న ఇంకొకరిలో కూడా బాధితుల్లో కనిపించే లక్షణాలే మొదలైతే అది సెకండరీ ట్రామా. తెలుగులో ద్వితీయ ఆఘాత ఒత్తిడి అని రాస్తున్నారు. లక్షణాలు మూడు రకాలు: వద్దనుకున్నా ఆ దృశ్యం కళ్ల ముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే వాటిని తప్పించుకు తిరగడం, ఒళ్లంతా ఎప్పుడూ బిగుసుకుని ఉలిక్కిపడుతూ ఉండడం.

వినడం వల్ల కూడా వస్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎమ్-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే గ్రంథం), పీటీఎస్‌డీకి (ఆఘాతం తర్వాత మిగిలిపోయే ఒత్తిడి రుగ్మతకు) దారితీసే అనుభవాల జాబితాలో దారుణమైన వివరాలకు పదేపదే లోనుకావడాన్ని కూడా చేర్చింది. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, పిల్లలపై జరిగిన అఘాయిత్యాల వివరాలు మళ్లీ మళ్లీ వినాల్సివచ్చే పోలీసులు. టీవీలోనో ఫోన్‌లోనో చూసినది దీని కిందికి రాదు. ఉద్యోగంలో భాగంగా చూడాల్సి వస్తే మాత్రం వస్తుంది.

బర్నవుట్, కంపాషన్ ఫెటీగ్, వికారియస్ ట్రామా... ఇవన్నీ ఒకటేనా?

కావు. కానీ ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు.

బర్నవుట్ అంటే పనితో పూర్తిగా అలసి ఆరిపోవడం. అది ఏ ఉద్యోగంలోనైనా వస్తుంది, బ్యాంకు గుమస్తాకైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగికైనా. పని ఎక్కువ, చేతిలో అధికారం తక్కువ, జీతం మూడు నెలలు బకాయి: కారణాలు ఇలాంటివి. 1974లో హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ దీని గురించి రాశాక ఈ మాట వాడుకలోకి వచ్చింది. నెమ్మదిగా వస్తుంది. సెకండరీ ట్రామా విన్న విషయం నుంచి వస్తుంది కాబట్టి ఒక్క కేసుతో, ఒక్క మధ్యాహ్నంలో కూడా మొదలవ్వొచ్చు. వికారియస్ ట్రామా అనే మాటను 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ తెచ్చారు. అది లక్షణాల కన్నా లోతైన మార్పు. లోకం మీద, మనుషుల మీద నమ్మకమే మారిపోతుంది, ‘ఏ ఇంట్లోనూ ఏ పిల్లకూ రక్షణ లేదు’ అన్నట్టు. కంపాషన్ ఫెటీగ్ అనే పేరును చార్ల్స్ ఫిగ్లీ 1995లో సెకండరీ ట్రామాకే కాస్త మెత్తని మాటగా వాడాడు. ఇప్పుడు చాలామంది బర్నవుట్, సెకండరీ ట్రామా రెండూ కలిపి ఆ పేరుతో పిలుస్తున్నారు.

రోజువారీగా తేడా కనిపెట్టాలంటే సెలవు చూడండి. నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరెళితే తేలికపడి, ఆఫీసు తలుపు చూడగానే మళ్లీ నీరసం వస్తే బర్నవుట్ పాలు ఎక్కువ. ఊళ్లో కూడా మేనకోడల్ని పక్కింటికి పంపాలంటే గుండె దడదడలాడితే, అది మీతోపాటు ఊరొచ్చింది.

ఎవరికి ఎక్కువ వస్తుంది?

వారంలో ఎక్కువ గంటలు ఇలాంటి కేసులే చూసేవాళ్లకు. అందులోనూ పిల్లల లైంగిక హింస కేసులు చూసేవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు, గతంలో తమకే హింస అనుభవమైనవాళ్లకు, మాట్లాడుకోవడానికి తోటి కౌన్సిలర్ కూడా లేని ఏకాకి సెంటర్లలో పనిచేసేవాళ్లకు.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. కౌన్సిలర్ వినేది కథలో అత్యంత భయంకరమైన భాగం. ఆ తర్వాత కేసు కోర్టుకు పోతుంది, పిల్ల అమ్మమ్మగారి ఊరికి పోతుంది. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల ఇంటర్ పాసైందన్న సంగతి కౌన్సిలర్‌కు ఎవరూ చెప్పరు. దాంతో బుర్రలో ప్రతి కథా మొదటి రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

ఎంతమందికి వస్తుందో ఒక అంచనా కోసం: అమెరికా దక్షిణ రాష్ట్రం ఒకదానిలో 282 మంది సోషల్ వర్కర్లను బ్రయన్ బ్రైడ్ సర్వే చేసి 2007లో ప్రచురించాడు. ముందువారంలో కనీసం ఒక లక్షణమైనా ఉన్నవాళ్లు 70.2 శాతం. పీటీఎస్‌డీకి కావలసిన మూడు రకాల లక్షణాలూ ఉన్నవాళ్లు 15.2 శాతం. వాళ్ల కేసుల సంఖ్య, జీతాలు, సెలవులు మనవాటితో పోల్చదగ్గవి కావు. అందుకని ఆ అంకెల్ని ఇక్కడికి నేరుగా తెచ్చి అతికించకండి.

రోజువారీ పనిలో ఎలా బయటపడుతుంది?

ఏడుపు, పీడకల అందరికీ తెలిసినవే. వాటికన్నా ముందే పనిలో కనిపించేవి ఇవి:

- ఎఫ్‌ఐఆర్‌లో ఘటన రాసిన పేరా వదిలేసి, పైనా కిందా చదివి ఫైలు మూసేయడం.
- ఒక రకం కేసు వచ్చిన రోజే తలనొప్పి రావడం, ఫీల్డ్ విజిట్ పడడం. తెలిసి చేసేది కాదు, అటెండెన్స్ రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.
- బాధితురాలు అసలు విషయం దగ్గరికి రాగానే ‘సరేలేమ్మా, నీళ్లు తాగు’ అని మాట మళ్లించడం. లేదా దీనికి పూర్తి వ్యతిరేకంగా, రిపోర్టుకు అక్కర్లేని వివరాలు కూడా తరిచి తరిచి అడగడం.
- సొంత నంబర్ ఇచ్చి రాత్రి 12 గంటలకు కూడా ఫోన్ ఎత్తడం, సొంత డబ్బులతో ఆటో మాట్లాడి పంపడం. ఆఫీసులో దీన్ని ‘డెడికేషన్’ అని మెచ్చుకుంటారు. చాలాసార్లు ఇది తట్టుకోలేకపోవడానికి గుర్తు.
- ‘కొట్టాడు అంతేగా, ఇదేం పెద్ద కేసు?’ అనిపించడం.
- మీ పాపను ట్యూషన్ మాన్పించడం, మామయ్య వరసైనవాళ్ల ఒళ్లో కూర్చోనివ్వకపోవడం, భర్త పాపకు స్నానం చేయిస్తుంటే తలుపు తీసి చూడడం.

చివరిదాని గురించి చాలామంది ఎవరితోనూ అనలేరు, సిగ్గుపడతారు. ఈ వృత్తిలో ఇది అరుదు కాదు. అలాంటి అనుమానం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ భార్య అయిపోరు, ఆయన చెడ్డవాడూ కాడు.

నాకు ఉందో లేదో కొలవడానికి పరీక్ష ఉందా?

రెండు ప్రశ్నావళులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. మొదటిది ఎస్‌టీఎస్‌ఎస్ (సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ స్కేల్). 2004లో బ్రైడ్, అతని సహచరులు తయారుచేశారు. 17 ప్రశ్నలు, గత 7 రోజుల గురించి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు. మొత్తం 17 నుంచి 85 మధ్య వస్తుంది. 28 లోపు అయితే దాదాపు లేనట్టే. 28 నుంచి 37 స్వల్పం, 38 నుంచి 43 మధ్యస్థం, 44 నుంచి 48 ఎక్కువ, 49, ఆపైన తీవ్రం. 38కి చేరితే పట్టించుకోవాలి.

రెండోది ప్రోక్వాల్ (ప్రొఫెషనల్ క్వాలిటీ ఆఫ్ లైఫ్), బెత్ స్టామ్ రూపొందించింది. అయిదో వెర్షన్‌లో 30 ప్రశ్నలు, గత 30 రోజుల గురించి. పని ఇచ్చే తృప్తి, బర్నవుట్, సెకండరీ ట్రామా విడివిడిగా పదేసి ప్రశ్నలతో వస్తాయి. ఒక్కోదానిలో 22 దాకా తక్కువ, 42 నుంచి ఎక్కువ. బర్నవుట్‌నూ దీన్నీ వేరు చేసి చూడాలంటే ఇదే మేలు.

ఎక్కడ చెడుతుందంటే: సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చోబెట్టి నింపిస్తే అందరికీ 25 వస్తుంది. భయంకరమైన కేసు విన్న రాత్రి నింపితే అందరికీ 50 వస్తుంది. నెలలో ఒక తేదీ పెట్టుకుని, ఇంట్లో మీరే నింపి, మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కసారి వచ్చిన అంకె కన్నా మూడు నాలుగు నెలల్లో అది ఎటు పోతోందన్నది ముఖ్యం. దీంతో జబ్బు నిర్ధారణ కాదు, అది డాక్టరు పని. ఈ స్కోరు పర్సనల్ ఫైల్లోకి ఎక్కనివ్వకండి. కాంట్రాక్టు రెన్యువల్ సమయంలో అది ఎలా వాడతారో చెప్పలేం.

యోగా, ధ్యానం, మ్యూజిక్ వింటే తగ్గదా?

నిద్రకు, బీపీకి మంచివే, చేయండి. కానీ సెకండరీ ట్రామాకు అదే మందు అని ట్రైనింగుల్లో చెప్పేదానికి ఆధారం పలుచన. టెడ్ బోబర్, షెరిల్ రెగెర్ 259 మంది థెరపిస్టులను అడిగి 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. విశ్రాంతి, సొంత ఆరోగ్యం, సూపర్విజన్ లాంటివి పనికొస్తాయని వాళ్లు నమ్మారు. కానీ వాటికి ఎక్కువ సమయం ఇచ్చినవాళ్ల ట్రామా స్కోర్లు తక్కువగా ఏమీ లేవు. స్కోరును ఎక్కువగా నిర్ణయించింది ఒక్కటే: వారానికి ఎన్ని గంటలు ట్రామా కేసులతో గడుపుతున్నారన్నది.

అంటే ఏడాదికి ఒకరోజు ‘స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్’ పెట్టి, మర్నాటి నుంచి రోజుకు ఆరు కేసులు ఇస్తే లాభం లేదు. పైగా తగ్గకపోతే తప్పు కౌన్సిలర్‌దే అవుతుంది, ‘ప్రాణాయామం సరిగ్గా చేయడం లేదు’ అని.

అయితే కేసులు ఎలా పంచాలి?

కేసుల సంఖ్య కాదు, వివరం విన్న గంటలు లెక్కపెట్టండి. భరణం కేసులో పది సిట్టింగులు ఒక ఎత్తు, ఏడేళ్ల పాప మొదటిసారి నోరువిప్పిన 40 నిమిషాలు ఒక ఎత్తు. నెలవారీ రిపోర్టులో రెండూ ‘1’గానే పడతాయి, చిక్కంతా అక్కడే.

మామూలు రిజిస్టర్‌లో నాలుగు గడులు గీయండి: తేదీ, కౌన్సిలర్, కేసు రకం, ఘటన వివరాలు విన్న నిమిషాలు. పేర్లు రాయొద్దు. నెల తిరిగేసరికి బరువు ఎవరి మీద పడుతోందో కనిపిస్తుంది. సాధారణంగా ‘బాగా చేస్తుంది’ అని పేరున్న మనిషి మీద పడుతుంది, కష్టమైన కేసులన్నీ ఆమెకే పంపుతారు కాబట్టి.

పనిలో ఉపయోగపడే కొలతలు ఇవి. పరిశోధన తేల్చిన హద్దులు అనుకోకండి, ఆచరణలో నిలిచే లెక్కలు అనుకోండి:

- ఘటన మొత్తం మొదటిసారి చెప్పించుకునే సిట్టింగులు ఒకరికి రోజుకు రెండు. తప్పనిసరైతే మూడు. వెంటవెంటనే వద్దు.
- రెండింటి మధ్య కనీసం 20 నిమిషాలు. ఆ సమయంలో డేటా ఎంట్రీ చేయించకూడదు.
- సాయంత్రం చివరి గంటలో కొత్త కేసు ఘటన వినకూడదు. ప్రాణభయం, మెడికల్ పరీక్ష లాంటి అత్యవసరమైతే తప్ప, ఆ గంటలో భద్రత, భోజనం, పడక చూసి వివరాలు మర్నాటికి ఉంచవచ్చు. బాధితురాలికి కూడా అదే మంచిది.
- వారంలో ఒక పూట పూర్తిగా వేరే పని: స్కూల్లో అవగాహన కార్యక్రమం, ఫాలోఅప్ ఫోన్లు, ఫైళ్లు.
- కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెల సీనియర్ పక్కన కూర్చుని వినడమే, అదీ రోజుకు ఒకటి.

ఒక్క కౌన్సిలరే ఉన్న సెంటర్‌లో ఎలా అని అడుగుతారు. పక్క జిల్లా సెంటర్‌తో వారానికి ఒకరోజు ఫోన్ జోడీ పెట్టుకోవచ్చు. రాత్రి కాల్స్ వంతులవారీగా చూసుకోవచ్చు. ఖాళీ పోస్టు భర్తీ చేయమని అడిగే లెటర్‌కు పై రిజిస్టర్ జతచేయండి. ‘పని ఎక్కువగా ఉంది’ అనే వాక్యం కన్నా నిమిషాల లెక్క బలంగా ఉంటుంది.

ఒకే ఘటనను పిల్లతో ఎన్నిసార్లు చెప్పించాలి?

వీలైనన్ని తక్కువసార్లు. ఇది పిల్లకూ, వినేవాళ్లకూ ఇద్దరికీ రక్షణ. పిల్ల ఎలాగూ చెప్పాల్సినవే నాలుగున్నాయి: పోలీసు స్టేట్‌మెంటు, మెడికల్ పరీక్షప్పుడు డాక్టరు అడిగేది, మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంటు (2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 183వ సెక్షన్; పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో అందరూ ఇంకా ‘164’ అనే అంటున్నారు), ఆ పైన కోర్టు సాక్ష్యం. కోర్టుకు పిల్లల్ని పదేపదే పిలవకుండా చూడాలని పోక్సో చట్టం 33వ సెక్షన్ చెబుతోంది. వీటన్నిటి మధ్య కౌన్సిలర్ కూడా మొదటినుంచీ చెప్పించాల్సిన పనిలేదు. మీకు కావలసింది ఈ రాత్రి పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఎవరంటే భయం, తింటోందా, నిద్రపోతోందా. పిల్ల తనంతట తాను చెబితే వినండి, ఆపొద్దు. చెప్పకపోతే రిపోర్టు నిండలేదని అడగొద్దు.

సిట్టింగ్‌లో వింటున్నప్పుడు ఏం చేయాలి?

వినేటప్పుడు మెదడు బొమ్మ కట్టుకుంటుంది. ఆ గది, ఆ మంచం, ఆ పిల్ల ముఖం. చాలాసార్లు ఆ ముఖం స్థానంలో మీ పాప ముఖం వచ్చి కూర్చుంటుంది. తర్వాత కళ్ల ముందుకు వచ్చేది ఆ బొమ్మే. కాబట్టి బొమ్మ మీద కాకుండా ఎదురుగా ఉన్న మనిషి మీద చూపు నిలపండి. ఆమె చేతులు, ఊపిరి, ఇప్పుడు ఏం కావాలో. ‘ఈ పిల్ల నా పిల్ల కాదు, ఈ పిల్ల ఇప్పుడు ఇక్కడ క్షేమంగా ఉంది’ అని మనసులో ఒక్కసారి అనుకోవడం మొరటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

ఒళ్లు కూడా చూసుకోండి. ఆమె ముడుచుకుని కూర్చుంటే మీకు తెలియకుండానే మీరూ ముడుచుకుంటారు. ప్రతి పది నిమిషాలకు పాదాలు రెండూ నేలకు ఆనించి, భుజాలు వదులు చేసి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊపిరి తీసుకుని ఆరు అంకెల సేపు వదలండి. రెండుసార్లు చాలు. ఎదుటివాళ్లకు తెలియదు కూడా.

సిట్టింగ్ అయ్యాక మొదటి 20 నిమిషాలు?

లేచి గది మారండి. ముఖం, చేతులు చల్లటి నీళ్లతో కడుక్కోండి. తర్వాత నోట్స్ రాయండి, సిట్టింగ్ జరిగిన రోజే, ఆఫీసు వేళలోనే. ఇంటికి తీసుకెళితే రాత్రి పదిగంటలకు మొత్తం రెండోసారి వింటారు. నోట్స్‌లో ఘటన వివరం ఎంత అవసరమో అంతే. తర్వాత చదవాల్సిన సహోద్యోగి మీద కూడా దయ ఉంచండి. ఫైలు పైన ‘పిల్లపై లైంగిక హింస, వివరాలు 3వ పేజీలో’ అని ఒక చీటీ అంటిస్తే, చదివేవాళ్లు సిద్ధపడి తెరుస్తారు.

టీ తాగండి, కానీ ఆ కేసు గురించే మాట్లాడుకుంటూ కాదు.

ఫొటోలు, వీడియోలు చూడాల్సివస్తే?

ముందు అడగాల్సింది, నిజంగా మీరే చూడాలా అని. కౌన్సిలింగ్‌కు వీడియో చూడాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. పిల్లల అశ్లీల దృశ్యాలను దాచుకోవడం, పంపడం నేరాలు కూడా. ‘సాక్ష్యం మేడమ్’ అంటూ ఎవరైనా ఫోన్‌కు పంపబోతే వద్దని చెప్పి, దర్యాప్తు అధికారికి అప్పగించమనండి.

గాయాల ఫొటోల్లాంటివి తప్పనిసరైతే: పగటిపూట, తెర మీద చిన్న సైజులో, రంగులు తీసేసి నలుపు తెలుపులో, శబ్దం ఆపేసి చూడాలి. ముందు రాతపూర్వక వివరణ చదవండి. ఏమొస్తుందో తెలిసి చూసినది, హఠాత్తుగా ఎదురైనదానంత లోతుగా దిగదు. శబ్దం చాలామందిని బొమ్మ కన్నా ఎక్కువ వెంటాడుతుంది.

ఇంట్లోవాళ్లకు, ఫ్రెండ్స్‌కు చెప్పుకోవచ్చా?

మీ బాధ చెప్పుకోవచ్చు. కేసు చెప్పకూడదు. బాధితుల గుర్తింపు బయటపెట్టడం పోక్సో 23, భారతీయ న్యాయ సంహిత 72 సెక్షన్ల కింద శిక్షకు దారితీస్తుంది. సపోర్ట్ పర్సన్లు పిల్లల సమాచారమంతా గోప్యంగా ఉంచాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. చిన్న పట్నంలో పేరు చెప్పకపోయినా, ‘ఫలానా వీధి, తండ్రి లారీ డ్రైవర్’ అంటే చాలు, పోల్చేసుకుంటారు. కౌన్సిలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా చెప్పడమే. స్క్రీన్‌షాట్‌కు గోప్యత లేదు.

సహోద్యోగులతో పని గురించి మాట్లాడేటప్పుడు ఈ రంగంలో నిపుణురాలైన ఫ్రాన్స్వాజ్ మాత్యూ సూచించిన నాలుగు మెట్లు పాటించండి. వివరాలు విదిల్చేసే అలవాటు తనకుందని గమనించుకోవడం, ‘బరువైన విషయం’ అని ముందే హెచ్చరించడం, ‘ఇప్పుడు వినగలవా?’ అని అడిగి ఒప్పుకున్నాకే మొదలుపెట్టడం. బయటి అంచు నుంచి మొదలెట్టి అవసరమైనంత వరకే చెప్పడం. ‘ఇవాళ్టి కేసులో తల్లి నమ్మలేదు, అది నన్ను పట్టేసింది’ అంటే సరిపోయేచోట ఘటనంతా వర్ణించక్కర్లేదు. లంచ్ బాక్సుల ముందు వర్ణించే అలవాటు మన ఆఫీసుల్లో బాగా ఉంది. వినేవాళ్లు అడగని కేసు ఒకటి మోసుకుని ఇంటికి పోతారు.

ఇంట్లో ఒక్క వాక్యం చాలు: ‘ఇవాళ పని బరువుగా గడిచింది, అరగంట నన్ను పలకరించొద్దు.’

రాత్రి అదే కల వస్తోంది. ఏం చేయాలి?

పగటిపూట ఆ కలను కాగితం మీద రాయండి. ముగింపు మీకు నచ్చినట్టు మార్చండి: తలుపు తెరుచుకుంది, పక్కింటావిడ వచ్చింది, పిల్ల బయటికి నడిచింది. మార్చిన కథను రోజూ పగలు 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. ఇమేజరీ రిహార్సల్ అనే ఈ పద్ధతి పీడకలలకు పనిచేస్తుంది, రెండు మూడు వారాలు విడవకుండా చేస్తే. మొదలుపెట్టేది అన్నిటికన్నా భయంకరమైన కలతో కాకుండా కాస్త తేలికైన దానితో.

మధ్యాహ్నం మూడు తర్వాత టీ, కాఫీ ఆపండి. నిద్ర పట్టకపోతే మందులషాపులో అడిగి ఆల్‌ప్రజోలామ్ తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అలా చేయొద్దు. అలవాటు పడుతుంది, ఆపితే ఆందోళన రెట్టింపై వస్తుంది. ఆఘాతం తర్వాత మొదటి నెలలో ఆ లక్షణాలకు ఈ రకం మందులు పెద్దలకు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

పెద్ద ఘటన జరిగాక అందర్నీ కూర్చోబెట్టి ‘డీబ్రీఫింగ్’ చేస్తే మంచిదేనా?

ఒక్క సిట్టింగ్‌లో జరిగినదంతా తిరిగి చెప్పించే డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదు. వైద్య అధ్యయనాలను కలిపి చూసే కొక్రేన్ 2002 సమీక్ష, ఒక్కొక్కరితో విడిగా చేసిన డీబ్రీఫింగ్ గురించి, తేల్చింది ఇదే. అందులో ఒక అధ్యయనంలో డీబ్రీఫింగ్ అయినవాళ్ల పరిస్థితి ఏడాది తర్వాత మరింత చెడింది. దానికి బదులు ఆ రోజు అందరికీ తిండి, ఇంటికి వాహనం, మర్నాడు తేలిక డ్యూటీ ఇవ్వండి. మాట్లాడాలనుకున్నవాళ్లకు ఒక మనిషిని చూపించండి. మాట్లాడనివాళ్లను బలవంతపెట్టొద్దు.

సూపర్విజన్ అంటే నెలవారీ రివ్యూ మీటింగ్ కాదా?

ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్ని పెండింగ్ అని అడిగేది రివ్యూ. సూపర్విజన్ వేరే. రెండు వారాలకు కనీసం ఒకసారి, గంటసేపు, ఒక్కొక్కరితో విడిగా, తలుపు వేసి. మొదటి 20 నిమిషాలు కష్టమైన ఒక కేసు, తర్వాత 20 నిమిషాలు ఆ కేసు కౌన్సిలర్‌ను ఏం చేసిందన్నది, మిగతా సమయం వచ్చే రెండు వారాల కేసుల బరువు. చివరిది లేకపోతే అది ఓదార్పు దగ్గరే ఆగిపోతుంది.

జీతం, రెన్యువల్ చేతిలో ఉన్న మనిషి ఎదుట ఎవరూ ‘నాకు భయమేస్తోంది’ అనరు. కాబట్టి సూపర్విజన్ చేసేవాళ్లు వీలైనంతవరకు బయటివాళ్లయి ఉండాలి. దగ్గర్లోని మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగం నుంచో, వేరే జిల్లా సీనియరో, వీడియో కాల్‌లోనైనా సరే.

నేనూ చిన్నప్పుడు ఇలాంటిది అనుభవించాను. ఈ పనికి పనికిరానా?

పనికొస్తారు. ఈ వృత్తిలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మీ అనుభవానికి దగ్గరగా ఉండే కేసు ఏదో మీకు ముందే తెలుసు. దాన్ని ఇంకొకరికి ఇవ్వమని, కారణం చెప్పకుండానే అడిగే వీలు సెంటర్‌లో ఉండాలి. ఇంటర్వ్యూలో చెప్పి తీరాలన్న నియమమేమీ లేదు. మీ కథ బాధితురాలికి చెప్పడం మాత్రం వద్దు. ఆమె మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడుతుంది.

దుబాసీలకు, డ్రైవర్లకు, ఆయాలకు కూడా వస్తుందా?

వస్తుంది, వాళ్లకు ట్రైనింగ్ కూడా ఉండదు. ముఖ్యంగా దుబాసీలు. విదేశాల్లో గృహహింస కేసుల్లో తెలుగు దుబాసీగా ఉన్నవాళ్లు నియమం ప్రకారం బాధితురాలి మాటను ‘నేను’ అంటూనే చెప్పాలి. ‘నన్ను గొంతు పట్టుకున్నాడు, నాకు ఊపిరాడలేదు’ అని గంటసేపు తమ నోటితో అనాలి, అదీ రెండు భాషల్లోనూ మోస్తూ. మొదలయ్యే ముందు ఏ రకం కేసో చెప్పడం, 30 నిమిషాలకోసారి విరామం, అయ్యాక పది నిమిషాలు మాట్లాడడం: ఏజెన్సీని ఈ మూడూ అడగవచ్చు. రాత్రి బాధితురాలి పక్కన పడుకునే ఆయా, ఆసుపత్రికి తీసుకెళ్లే డ్రైవర్ కూడా పై నాలుగు గడుల రిజిస్టర్‌లోకి రావాలి.

డాక్టరును ఎప్పుడు కలవాలి? ఎక్కడ?

లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే; నిద్ర, పని, ఇల్లు ఏదో ఒకటి గాడి తప్పితే; సాయంత్రం మందు తాగందే గడవని స్థితి వస్తే. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, ఆ రోజే.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్లు మీకు తెలిసినవాళ్లేమో అన్న మొహమాటం మన వృత్తిలో సహజం. పేరు చెప్పకుండా కూడా మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లడానికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది.

ట్రామా మీద కేంద్రీకరించిన సీబీటీ (ఆలోచనల్ని, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స), ఈఎమ్‌డీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని సర్దుకునే చికిత్స) అనే చికిత్సలు పీటీఎస్‌డీకి పనిచేస్తాయని బాగా రుజువైంది. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి ఇస్తారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే ఆపేయకండి. ఇన్సూరెన్స్ సంగతి: మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21(4) అంటోంది. కానీ చాలా పాలసీలు ఏ జబ్బుకైనా ఓపీ ఖర్చు ఇవ్వవు, ముందే చూసుకోండి.

ఈ పనిలో మనిషికి మంచి కూడా ఏమైనా జరుగుతుందా?

జరుగుతుంది. కొలంబియా రాజధాని బొగొటాలో రాజకీయ హింస బాధితులతో పనిచేసే థెరపిస్టుల మీద హెర్నాండెస్, గాంగ్సీ, ఎంగ్‌స్ట్రమ్ 2007లో రాసిన పత్రం దీనికి వికారియస్ రెసిలియన్స్ అని పేరు పెట్టింది. బాధితులు కోలుకోవడం దగ్గరుండి చూసినవాళ్లకు సొంత కష్టాలు తట్టుకునే శక్తి కూడా పెరిగింది. కీలకం ‘దగ్గరుండి చూడడం’లో ఉంది. అందుకే ఫాలోఅప్ ఫోన్లను డేటా ఆపరేటర్‌కు వదిలేయకుండా, ఆ కేసు విన్న కౌన్సిలర్‌తోనే చేయించాలి. ఆరు నెలలకు, ఏడాదికి. కొన్ని ఫోన్లు చెడు వార్తే మోసుకొస్తాయి, అయినా సరే.

ఉద్యోగం మానేయాలనిపిస్తోంది. మానేయాలా?

లక్షణాలు ఉధృతంగా ఉన్న వారంలో నిర్ణయం తీసుకోకండి. ముందు ఆరు వారాలు ఘటన వినే డ్యూటీ నుంచి తప్పించమని అడగండి, వేరే పని ఇమ్మని. ఆరు వారాల తర్వాత ఎస్‌టీఎస్‌ఎస్ మళ్లీ నింపండి. తగ్గితే తక్కువ గంటలతో తిరిగి మొదలుపెట్టొచ్చు. తగ్గకపోతే, లేదా సెంటర్ ఆ మాత్రం సర్దుబాటుకు కూడా ఒప్పుకోకపోతే, వెళ్లిపోవడం సబబైన నిర్ణయమే. వెళ్లేముందు మీ దగ్గరున్న ప్రతి కేసూ ఎవరికి అప్పగిస్తున్నారో బాధితులకు మీ నోటితో చెప్పండి. ఒక సిట్టింగ్ కొత్త కౌన్సిలర్‌తో కలిసి కూర్చోండి. సొంత నంబర్ ఇచ్చి ఉంటే, ఇకపై ఏ నంబర్‌కు చేయాలో చెప్పి దాన్ని మూసేయండి.